ఆ హెచ్‌పీవీ మెసేజ్ ఇంకోసారి వస్తే గ్రూప్ వదిలేస్తా

ఫ్యామిలీ గ్రూప్, అపార్ట్‌మెంట్ గ్రూప్, టెన్త్ బ్యాచ్ గ్రూప్, ఎక్కడ చూసినా అదే. హెచ్‌పీవీ అంటే గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్, దానికి వేసే టీకా మీద మెసేజ్ అది. "ఆడపిల్లల తల్లులూ జాగ్రత్త! హెచ్‌పీవీ టీకా వేయిస్తే పిల్లలు పుట్టరు, ఖమ్మంలో ఏడుగురు చనిపోయారు, పద్ధతిగా పెరిగిన మన పిల్లలకి అక్కర్లేదు, అంతా విదేశీ కంపెనీల వ్యాపారం."

విదేశీ అంటారా, సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ హెచ్‌పీవీ టీకా సెర్వావ్యాక్ మన పుణెది. తర్వాత.

పద్ధతి సంగతి. శారీరక సంబంధంతో అంటుకునే వైరస్ కాబట్టి ఆ మాట. మన పిల్ల ఎంత పద్ధతిగా ఉన్నా కట్టుకున్నవాడి నుంచి కూడా వస్తుందండీ ఆ వైరస్. అల్లుడికి గ్యారంటీ ఎవరిస్తారు, పెళ్ళిళ్ళ పేరయ్యా?

ఇక పిల్లలు పుట్టరన్న ముక్క, నాకు ఒళ్ళు మండేది దీనికే. ఆ టీకాలో ఉండేది వైరస్ పైపొర లాంటి ప్రోటీన్, బతికున్న వైరస్ కాదు. ఆస్ట్రేలియాలో 2007 నుంచి స్కూళ్ళలో వేస్తున్నారు, ఆ పిల్లలు ఇప్పుడు తల్లులై వాళ్ళ పిల్లల్ని స్కూల్లో దింపుతున్నారు. నిజంగా సంతానానికి ఎసరు పెట్టేది ఆ క్యాన్సరే, చాలాసార్లు గర్భసంచి తీసేయాల్సి వస్తుంది, రేడియేషన్ ఇస్తే అండాశయాలు దెబ్బతింటాయి, ఈ సంగతి మెసేజ్‌లో రాయడానికి చోటు చాల్లేదేమో పాపం, పువ్వుల బొమ్మలకి మాత్రం చాలింది. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్ళకే వేయించుకున్నవాళ్ళలో ఒక్కరికీ ఆ క్యాన్సర్ రాలేదని 2024లో లెక్క తేల్చారు.

ఖమ్మం. అక్కడా గుజరాత్‌లోనూ ఆడపిల్లలకి ఈ టీకా వేసి చూసిన ప్రాజెక్టు ఒకటి జరిగింది. చనిపోయింది ఖమ్మంలో అయిదుగురు, ఇంకో ఇద్దరు గుజరాత్‌లో. ఒకమ్మాయి నీళ్ళలో మునిగి, ఒకమ్మాయి పాము కరిచి, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకమ్మాయి మలేరియాతో. మిగతా ఇద్దరికీ కారణం అంత గట్టిగా తేలలేదు, అయినా టీకాతో సంబంధం కనిపించలేదనే విచారణ కమిటీ చెప్పింది.

ఇదంతా చెప్తే మా వదిన ఒకే మాట అడిగింది, "మరి వేసేముందు ఆ తల్లుల్ని అడిగారా?" అని.

అడగలేదు వదినా. సరిగ్గా అడగలేదు. పార్లమెంటు కమిటీ 2013 రిపోర్టులోనే ఉంది, అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9,543 అనుమతి ఫారాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది, 1,948 మీద వేలిముద్రలు. 2010 ఏప్రిల్‌లో ఆ ప్రాజెక్టు ఆపేశారు. కాబట్టి భయపడేవాళ్ళని చదువురానివాళ్ళు, మూఢనమ్మకాలు అని వెక్కిరించే నాలాంటి మేధావులం కాస్త నోరు మూసుకుంటే మంచిది, వాళ్ళకి అనుమానం ఊరికే పుట్టలేదు.

శనివారం వదిన వాళ్ళ పాపని తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. వేయించాలో లేదో వదినే తేల్చుకుంటుంది, ప్రశ్నల చీటీ కూడా తనే రాసింది, మొదటిది: సూది వేశాక పదిహేను నిమిషాలు ఎందుకు కూర్చోబెడతారు? (కొందరు పిల్లలకి కళ్ళు తిరుగుతాయి, అందుకు.) పాప మాత్రం ఒకటే అడిగింది, నొప్పెడుతుందా అని. పెడుతుందనే చెప్పాం.