అడుగున వేంచేసి ఉన్న మరకగారికి

శ్రీయుత మరకగారి దివ్యసముఖమునకు,

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమేనని ఈ ఉదయం ఆరింటికి కళ్ళారా చూసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

స్విమ్మింగ్ పూల్ మెట్లు దిగగానే ఎడమ పక్క, మూడడుగుల లోతులో, పాత నివాసంలోనే ఉన్నారు. పైగా తలంటు పోసుకున్నట్టు కళకళలాడుతున్నారు. గురువారం మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా ముక్కుకి తువ్వాలు కట్టుకుని మీ అంత్యక్రియల దగ్గర నిలబడింది నేనే. ఆ యాసిడ్ పొగకి మొదటి అంతస్తు మామ్మగారు ఇంకా దగ్గుతున్నారు. తర్వాత రెండు రోజులు బోరు తిప్పి నింపాం. పైడితల్లమ్మ జాతరలో సిరిమానుకి ముందురోజు, తొలేళ్ల నాటికి దూకేయొచ్చని బొబ్బిలి నుంచీ సాలూరు నుంచీ వచ్చే పిల్లలకి మాటిచ్చాను. తొలేళ్లు ఈ రోజే. దిగిన మొదటివాడు మిమ్మల్ని చూసి, "మామయ్యా, ఇక్కడెవరో..." అని కేకేశాడు. మిగతా మాట రాయలేను. పిల్లలంతా బయటికొచ్చేశారు.

యాసిడ్‌తో కడిగిన కాంట్రాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన తొణక్కుండా చెప్పాడు: "ఆ మరక పోనాది బావూ. ఇది వేరే మరక."

వేరే మరకట! అదే చోట, అదే అప్పడమంత, అదే వంకర తోకతో వచ్చిన వేరే మరక. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి పంపాను. "పోలికుంది" అన్నాడు. గ్యారంటీ ఆ మరకకేనట, ఇంకోటి వస్తే దాని లెక్క దానిదేనట. అంటే ఆయన పని నూటికి నూరుపాళ్ళూ అయింది, ఆ వచ్చిందే మన ఖర్మ. పొద్దుటి నుంచీ ఈ మాటే నములుతున్నాను. మధ్యాహ్నం చారులో మళ్ళీ ఉప్పు లేదంటే మా ఆవిడ, "అది నిన్నటి చారు, ఇది వేరే చారు" అంది.

మన ట్రెజరర్ నీలం పెయింటు కొట్టేద్దామంటాడు. వాచ్‌మన్ బ్లీచింగ్ పొడిని పెళ్ళి అక్షింతల్లా గుప్పిళ్ళతో చల్లుతాడు. బోరు నీళ్ళకి వేరే ఉత్తరం రాస్తాను: తోడినప్పుడు అద్దంలా ఉండి, క్లోరిన్ తగలగానే లోపలి ఇనుమంతా తుప్పై టీ రంగు తేలడం ఏం మర్యాద?

మీ కులగోత్రాలు తెలుసుకుందామని విటమిన్ సి మాత్రలు కొన్నాను. షాపు కుర్రాడు "చిగుళ్ళకా సార్?" అన్నాడు. నీళ్ళలోకి దిగి అరనిమిషం రుద్దానో లేదో, మాత్ర కింద మీరు తెల్లబోయారు. ఆకులూ నాచూ పెట్టిన మరకైతే దీనికి అంతగా లొంగదట, క్లోరిన్‌కి పోతుందట. తమరిది ఇనుము వంశం.

సాయంత్రం ముసలి మేస్త్రిని పిలిచి చూపించాను. గట్టున కూర్చుని ఒక్కటే అడిగాడు: "ఖాళీగా ఉన్నప్పుడు తట్టి చూసినారా?" చూశాం. అంటే, గురువారం బ్రష్ పట్టుకున్న కుర్రాడు కర్రతో తట్టి, "ఇక్కడ డొల్లగుంది సార్" అన్నాడు. నీ పని నువ్వు చూసుకో అన్నది నేనే.

అడుగున ఇనుప రాడ్డు పైకి ఉందట, తుప్పు పట్టి ఉబ్బుతోందట. దాని మీదున్నది తెల్ల సిమెంటూ పాలరాయి పొడీ కలిపిన అరంగుళం పూత. యాసిడ్‌తో కడిగిన ప్రతిసారీ ఆ పూత తోలు కాస్త లేస్తుంది. మూడేళ్ళలో నాలుగుసార్లు కడిగించాను. నిన్ను చంపుతున్నాననుకుని నీ మీది దుప్పటి లాగుతూ వచ్చాను.

"నువ్వు" అనేశాను, క్షమించు. అనాల్సింది నిన్ను కాదు. బ్రోషర్ నిండా నీలం నీళ్ళ బొమ్మలు వేసుకుని, రాడ్డు మీద చాలినంత కాంక్రీటు కప్పడానికి చెయ్యి రాని ఆ దగుల్బాజీ బిల్డరుని అనాలి. ఐదేళ్ళుగా వాడి గుట్టు చెబుతున్నది నువ్వొక్కదానివే. మేం నీ నోరు కడుగుతూ కూర్చున్నాం.

వానలు తగ్గి, భూమిలో నీరు దిగాకే మళ్ళీ ఖాళీ చెయ్యాలట. నీరు పైకున్నప్పుడు ఖాళీ చేస్తే తొట్టె పడవలా లేవొచ్చట. గురువారం లేవనందుకు పైడితల్లమ్మకి దణ్ణం పెట్టుకున్నాను. ఆ తర్వాత నీ చుట్టూ చెక్కి, రాడ్డుని లోపలికంటా కోసి, ప్యాచ్ వేస్తారు. కొత్త పూత పాతదానితో రంగు కలవదని మేస్త్రి ముందే చెప్పాడు. నువ్వున్నచోట అప్పడమంత తెల్ల మచ్చ ఉండిపోతుంది. అడిగితే ఏమంటారో నాకు తెలుసు.

అది వేరే మచ్చ బావూ.

ఇట్లు,
వేరే కార్యదర్శి దొరికేదాకా,
కార్యదర్శి,
విజయనగరం