షిల్లింగున్నర పరువు

(1816 జూలై 17. లండన్, బ్రూక్ వీధిలో ఒక పెద్దింటి ముందుగది. ఆ ఏడాది ఇంగ్లండుకు ఎండాకాలం రాలేదు. కిందటేడు ఎక్కడో తంబోరా అగ్నిపర్వతం బద్దలైన ఫలితం అది. ఆ సంగతి వీళ్ళకు తెలియదు. జూలైలో కూడా బొగ్గు తగలేయవలసి వస్తోందన్న దిగులు మాత్రం తమ్ముడికి బాగా తెలుసు. గౌటుతో వాచిన కాలికి గుడ్డలు చుట్టి, ముక్కాలిపీట మీద చాపుకుని కూర్చున్నాడు. పోయిన అన్నగారి కూతురికి ఆయనే సంరక్షకుడు. అక్క, తన భర్త పోయాక ఈ ఇంటికి వచ్చి, అప్పటినుంచి ఇంటి పరువుకు కాపలా కాస్తోంది. ఆవిడ చేతిలో నిన్న వచ్చిన ఉత్తరం ఉంది.)

అక్క: పెళ్ళికాని పిల్లకు మగవాడు ఉత్తరం రాయడం ఒక తప్పు. దాన్ని నువ్వు విప్పి చదవడం రెండో తప్పు. చదివి నిన్నంతా నాకు చెప్పకుండా దాచడం మూడో తప్పు.

తమ్ముడు: విప్పక ఏం చేయను? షిల్లింగున్నర కట్టాను. ఎవరి పేరున వస్తేనేం, డబ్బు కట్టి విడిపించుకున్నవాడిదే ఉత్తరం. బాత్ ఊరి నుంచి లండనుకు కాగితం ఒక్కింటికి తొమ్మిది పెన్నీలు. ఈ మహానుభావుడు రెండు కాగితాలు రాశాడు.

అక్క: ఇంటి పరువు బజారున పడుతుంటే పెన్నీలు లెక్కపెడుతున్నావా?

తమ్ముడు: పరువుకు లెక్క తేలదు, పెన్నీలకు తేలుతుంది. బుద్ధిమంతుడైతే ఏం చేస్తాడు? అడ్డంగా రాసి, కాగితం తిప్పి, అదే పేజీ మీద నిలువుగా రాస్తాడు. రెండు పేజీల ప్రేమ ఒక్క కాగితంలో సర్దుకుంటుంది. వీడు చూడు, అమ్మాయి పేరు రాసి కింద బెత్తెడు జాగా వదిలేశాడు. ఆ ఖాళీకి కూడా నేనే డబ్బు కట్టాను!

అక్క: ఇంతకూ ఏమని ఏడిచాడు?

తమ్ముడు: మొదటి కాగితం నిండా వాన. రెండోదాని నిండా మన పిల్ల కళ్ళు. బాత్‌లో వీడి మేనమామ ఎవరో వాతానికి ఊటనీళ్ళు తాగుతున్నాడట. ఆయనతో మాట్లాడి కబురు చేస్తాడట. పెళ్ళి మాట చిట్టచివర, చోటు చాలక అంచున ఇరికించాడు.

అక్క: మేనమామట! వాతం తప్ప ఆస్తి ఉన్న మామ అయితే పేరు రాసి ఉండేవాడు. నేను ఆనాడే చెప్పాను, ఆ కెప్టెన్ చూపు మంచిది కాదని. ఆల్మాక్స్ నాట్యశాలకు ప్రవేశపు చీటీ సంపాదించడానికి నేను ఎంతమంది పెద్దమనుషుల భార్యల గుమ్మాలు తొక్కానో నీకు తెలుసా? అంత కష్టపడి తీసుకువెళితే, మన పిల్ల ఒకే మగవాడితో మూడుసార్లు నాట్యం చేసింది. మూడు! రెండు దాటితే నిశ్చయమైపోయినట్టే చెప్పుకుంటారు.

తమ్ముడు: ఆల్మాక్స్‌లో పెట్టే పలచటి రొట్టెముక్క, ఎండిపోయిన కేకు తిని మూడు నాట్యాలు ఆడాడంటే వాడి ఒంట్లో సత్తువ ఉన్నట్టే.

అక్క: అందులో ఒకటి వాల్ట్జ్! నడుం మీద చెయ్యి వేసి తిప్పాడు. నిన్నటి టైమ్స్ పత్రిక చూశావా? అది సిగ్గుమాలిన విదేశీ నృత్యమని, దాన్నుంచి ఆడపిల్లల్ని కాపాడుకోమని రాశారు.

తమ్ముడు: చూశాను. మొన్న శుక్రవారం సాక్షాత్తూ రాజు బదులు ఏలుతున్న యువరాజు రీజెంట్‌గారి విందులోనే ఆడారని కూడా రాశారు.

అక్క: ఆయనకేం? మే నెలలోనే కూతురికి పెళ్ళి చేసి చేతులు దులుపుకున్నాడు. ఇక ఎవరు ఎలా గంతులేసినా ఆయనకు నష్టం లేదు. మన గతి అలాగా? ఆల్మాక్స్ పెత్తందారు లేడీ జెర్సీ చూసింది.

తమ్ముడు: ఆవిడనేగా ఊరంతా ‘సైలెన్స్’ అని పిలిచేది? ఎవరికీ చెప్పదులే.

అక్క: నోరు మూతపడదు కాబట్టే ఆ పేరు పెట్టారు, తెలివితక్కువవాడా! ఈపాటికి మన కథ పికడిలీ దాటి ఉంటుంది.

తమ్ముడు: ఈ ఏడాది మన కథ వినే తీరిక ఎవరికుంది అక్కా? కవి బైరన్ ప్రభువు ఏప్రిల్‌లో భార్యతో తెగతెంపులై ఓడెక్కాడు. మే నెలలో ఆ సోకులరాయుడు బ్రమెల్ అప్పులవాళ్ళకు మొహం చాటేసి కాలే రేవుకు పారిపోయాడు. డోవర్‌లో ఓడ ఖాళీ దొరకడం లేదు. మన పిల్ల మూడో నాట్యం ఎన్నో పేజీలో వస్తుందంటావు?

అక్క: నవ్వు, నవ్వు. రేపు వాడు పిల్లను బండిలో ఎక్కించుకుని స్కాట్లండు సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్‌కు పోతే అప్పుడు నవ్వు. పిల్లకు పంతొమ్మిదేళ్ళు. ఇక్కడ ఇరవై ఒకటి నిండేదాకా పెళ్ళికి నీ అనుమతి కావాలి. స్కాట్లండులో ఏం కావాలి? ఇద్దరు సాక్షులు, ఒక కమ్మరివాడు!

తమ్ముడు: పోలేడు.

అక్క: అంత నమ్మకమా వాడి మీద?

తమ్ముడు: వాడి మీద కాదు, వాడి జేబు మీద. గ్రెట్నా ఇక్కడికి మూడు వందల మైళ్ళ పైమాట. అద్దెబండికి మైలుకు షిల్లింగు కంటే తక్కువ ఎవడూ తీసుకోడు. అంటే పదిహేను పౌండ్లు. పైన దారిపొడుగునా బండివాళ్ళకు ఈనాములు, సత్రాల్లో భోజనాలు. యుద్ధం అయిపోయి సగం జీతం మీద కూర్చున్న కెప్టెన్ అతను. లేచిపోవడానికి కూడా స్తోమత ఉండాలి అక్కా. నేను నిన్న రాత్రే లెక్క వేసి, హాయిగా నిద్రపోయాను.

అక్క: నీకు రోషం లేదు. 1809లో పాజెట్ ప్రభువు సేనాపతి వెలింగ్టన్‌గారి తమ్ముడి భార్యను తీసుకుపోతే, ఆ పిల్ల అన్న కర్నల్ కాడగన్ ఊరుకున్నాడా? వింబుల్డన్ మైదానంలో ద్వంద్వయుద్ధానికి పిలిచి పిస్తోలు ఎత్తాడు.

తమ్ముడు: ఎత్తాడు, గురి తప్పాడు. పాజెట్ అసలు అతనికి గురిపెట్టనేలేదు. ఇద్దరూ క్షేమంగా ఇంటికి పోయారు.

అక్క: నువ్వూ అలాగే వెళ్ళి రా. తగలాలని నేను అనలేదు. పిలవాలి అంటున్నాను.

తమ్ముడు: పాదం నేల మీద మోపలేను.

అక్క: కుర్చీ వేయిస్తాను. కూర్చుని కాల్చు.

తమ్ముడు: పైగా ఆ పాజెట్‌కు చివరికి ఏమైంది? ఆవిడ భర్తకు 20,000 పౌండ్లకు తక్కువ కాకుండా నష్టపరిహారం కట్టాడు. ఊరంతా ఛీ అంది. ఆరేళ్ళ తరవాత వాటర్లూలో కాలు పోగొట్టుకుంటే అదే ఊరు మార్క్వెస్ అనే బిరుదు ఇచ్చి మోసుకొచ్చింది. ఒక కాలు పోతే పోయిన పరువు తిరిగి వస్తుందన్నమాట. నా కాలు ఎలాగూ పనికిరాదు, కావాలంటే...

(తలుపు చప్పుడు. నౌకరు పళ్ళెంలో ఉత్తరం తెచ్చాడు. తమ్ముడు నిట్టూర్చి సంచీ తీశాడు. ఇవ్వవలసింది ఏమీ లేదని నౌకరు చెప్పి వెళ్ళిపోయాడు. తమ్ముడి మొహంలో అంత వెలుగు ఆ వేసవిలో లండను మీద ఒక్కసారి కూడా పడలేదు.)

తమ్ముడు: ఉచితం! అక్కా, ఉచితం! ప్రభువుల సభలో ఎవరో ఉచితంగా పోయేలా సంతకం చేసి ఫ్రాంకు వేశారు. బాత్ నుంచే. నా పేరున!

అక్క: (గది ఆ మూల నుంచే) ఎర్ల్‌గారు!

తమ్ముడు: ఏ ఎర్ల్?

అక్క: ఆయనే మేనమామ! ఫ్రాంకు వేసేవాడు చిరునామా, తేదీ మొత్తం సొంత చేత్తో రాయాలి, అది చట్టం. అంటే ఆయన స్వయంగా కూర్చుని నీ పేరు రాశాడు. పిల్లను అడగడానికి కాకపోతే నీతో ఆయనకేం పని? పిల్లల్లేరు. తండ్రి ఇచ్చింది కాక సొంతంగా కొన్న భూములున్నాయి, ఎవరికైనా రాసి ఇవ్వవచ్చు. చెల్లెలి కొడుకు కాక ఇంకెవరున్నారు? కెప్టెన్ చూపులో మొదటినుంచీ ఏదో పెద్దింటి కళ ఉందని నేను అనుకుంటూనే ఉన్నాను.

తమ్ముడు: మూడు నాట్యాలో?

అక్క: రెండే. మూడోది లేడీ జెర్సీ కల్పన.

తమ్ముడు: వాల్ట్జ్?

అక్క: రీజెంట్‌గారి ఇంట్లో ఆడగా లేనిది మనకేం వచ్చింది? పెళ్ళి సెంట్ జార్జ్ చర్చిలో. పిల్ల సొమ్ము 10,000 పౌండ్లూ ఆమె పేరునే ఉండేట్టు ఒప్పందం రాయించాలి. ముద్ర విప్పు.

తమ్ముడు: విప్పుతాను. ఒక్క సందేహం. సంతకం నా బొటనవేలి కింద ఉంది. నీకు కనిపించింది నా పేరు, వీధి పేరు, అంతే. అది ఎర్ల్‌గారి రాత అని నీకెలా తెలిసింది?

అక్క: అందరికీ తెలిసిన రాతే.

తమ్ముడు: నాకు తెలియదే. పెళ్ళికాని పిల్లకు మగవాడు ఉత్తరం రాయడం ఒక తప్పని ఇందాక ఎవరో...

అక్క: అప్పటికి ఆయన రెండో కొడుకు. నాన్నగారు ఒప్పుకోలేదు. అయిపోయింది.

తమ్ముడు: నాన్నగారికి తెలియకుండా ఈ ఇంట్లోకి ఉత్తరం ఎలా వచ్చేది? డబ్బు ఆయనేగా కట్టాలి?

అక్క: తపాలాలో వస్తేగా? నువ్వే తెచ్చేవాడివి.

తమ్ముడు: నేనా!

అక్క: చిన్నవాడివి. తోట గోడ దగ్గర అందుకుని టోపీలో దాచుకుని వచ్చేవాడివి. ఉత్తరానికి గుప్పెడు పంచదార బాదంపప్పులు.

తమ్ముడు: (చాలాసేపటికి) అవి నా మీద ముద్దుకొద్దీ ఇచ్చేవాడనుకున్నాను!

అక్క: పళ్ళు పుచ్చిపోయేదాకా తిన్నావు. ఇక ముద్ర విప్పు.