తాతయ్య మీద వడియాలు

నిన్నటి సంగతి. గ్లౌజు చిరిగి వేలికి అంటిన నారింజ మరక ఇంకా వదల్లేదు, ఒంటికి పట్టిన మంటా వదల్లేదు.

గమ్ ప్రింట్, అంటే బంకతో ఫోటో అచ్చువేయడం, బ్రహ్మవిద్యేం కాదు. తుమ్మబంకలో వాటర్ కలరూ, పొటాషియం డైక్రోమేట్ అనే నారింజ రంగు మందూ కలిపి మందపాటి కాగితానికి పూయాలి. ఆరాక పైన నెగెటివ్, దానిపైన అద్దం పెట్టి ఎండలో ఉంచాలి. వెలుగు సోకిన చోట బంక గట్టిపడి కాగితాన్ని పట్టుకుంటుంది, సోకని చోట నీళ్ళల్లో కరిగిపోతుంది. ఎంతసేపు ఎండ అన్నదగ్గరే తంటా అంతా. మూడు ఆదివారాలు అట్టముక్క జరుపుకుంటూ 2, 4, 6, 8 నిమిషాల పట్టీలు తీసి, మా డాబాకి 4 అని తేల్చాను. నిన్న తాతయ్య నెగెటివ్ పెట్టాను.

రెండో నిమిషంలో ఫోను. నీళ్ళ ట్యాంకరు వచ్చిందట, నా కారు అడ్డంగా ఉందట. ట్యాంకరు తిరిగే మలుపులో నాకు పార్కింగ్ ఇచ్చిన మహానుభావుడు సెక్రటరీగారే, తీయమని అరిచిందీ ఆయనే.

నలభై నిమిషాల తర్వాత పైకొస్తే, మూడో అంతస్తు ఆంటీ నా అద్దం ముందు పీట వేసుకుని గరిటె కడుగుతోంది. అద్దం నిండా సగ్గుబియ్యం వడియాలు.

"కవరు చాల్లేదు బాబూ. నువ్వటు వెళ్ళగానే పెట్టేశా. అద్దం ఎంత శుభ్రంగా ఉందో!"

1890ల్లో పారిస్‌లో రాబర్ట్ డెమాషీ అనే ఫోటోగ్రాఫర్ గమ్ ప్రింట్లతో లోకాన్ని అబ్బురపరిచాడు. ఆయన మేడమీద ఎవరూ వడియాలు పెట్టి ఉండరు.

"ఆంటీ, అవి తినకండి. అద్దానికి నా చేతి మందు అంటుంది. విషం."

"మా వడియాలు విషమా!"

ఆ ఒక్క మాటకి మూడు అంతస్తులు డాబా ఎక్కాయి. ఒకావిడ వాసన చూసి జీలకర్ర తక్కువైందంది. ఇంకొకాయన ఉప్పు చూస్తానని చెయ్యి చాపితే పట్టుకుని ఆపాను. అదిగో, కొట్టబోయాడన్నారు. సెక్రటరీగారు నోటీసు కాగితం తెప్పించి చదివారు: పదకొండు నుంచి ఒంటిగంట దాకా డాబా మూడో అంతస్తుది. వడియాలు, మిరపకాయలు, మామిడి ఒరుగులు ఆరబెట్టుకోవచ్చు. తాతయ్యలు ఆ జాబితాలో లేరు. కిలో సగ్గుబియ్యం నేను కొనివ్వాలని తీర్పు.

ప్రింటు నీళ్ళల్లో వేస్తే గంటైనా రంగు వదల్లేదు. ముఖమంతా మసిగుడ్డ. ఒక్క వడియాల కింద తప్ప! అక్కడ వెలుగు వడగట్టుకుని దిగిందేమో, కుడికన్ను, సగం మీసం, గడ్డం మీద ముడత, ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. మూడు ఆదివారాల్లో నాకు రాని ఎక్స్‌పోజరు.

సాయంత్రం సగ్గుబియ్యం ఇవ్వడానికి వెళ్తూ ప్రింటు కూడా పట్టుకెళ్ళాను. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి,

"అయ్యో పాపం, మీ తాతగారికి అమ్మవారు పోసిందా బాబూ?" అంది.