ముందు డ్రైవరును అడగండి

మే నెల మధ్యాహ్నం సిమెంటు లోడుతో వెళ్లే పాత లారీ క్యాబిన్‌లో ఒక గంట కూర్చుంటే చాలు, ఆ పని ఎంత కష్టమో అర్థమవుతుంది. ఇంజను దాదాపు డ్రైవరు కాళ్ల కిందే ఉంటుంది. పైన ఎండ, కింద ఇంజను సెగ. తడిపి మెడకు చుట్టుకున్న తువ్వాలు పావుగంటలో ఎండిపోతుంది. రోజంతా క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోతుంది. రాత్రి డాబా దగ్గర మంచం మీద వాలినా చెవుల్లో ఇంజను మోత ఆగదు. కొత్తగా తయారయ్యే లారీలన్నింటికీ ఏసీ క్యాబిన్ ఉండాలన్న నిబంధన 2025 అక్టోబరు 1న గానీ అమల్లోకి రాలేదు. ఇప్పుడు రోడ్ల మీద తిరుగుతున్న లక్షలాది పాత లారీల డ్రైవర్లకు ఆ చల్లదనం ఇంకా అందలేదు.

ఎలక్ట్రిక్ లారీలో ఆ సెగ లేదు, ఆ మోత లేదు, క్లచ్ అసలే లేదు. పల్లంలో దిగుతుంటే మోటారే బండిని నిలువరిస్తూ బ్యాటరీకి కొంత కరెంటును తిరిగి ఇస్తుంది. అలిపిరి నుంచి తిరుమల కొండకు 2022 సెప్టెంబరు నుంచి తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సుల్లో ఎక్కినవారు ఇది కళ్లారా చూశారు. ఇంత మేలు చేసే బండిని అందరికంటే ముందు కోరుకోవలసింది డ్రైవర్లే. అయినా లారీ కార్మికుల్లో ఆ మాట ఎత్తితే ఉత్సాహం కంటే అనుమానమే ముందు వినిపిస్తుంది. ఆ అనుమానానికి కారణాలున్నాయి. వాటిని కూర్చుని వినే ఓపిక ఇంతవరకు ఎవరూ చూపలేదని మేము భావిస్తున్నాం.

ఎలక్ట్రిక్ వాహనాలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ ప్రధానమంత్రి ఈ-డ్రైవ్ పథకం మొత్తం కేటాయింపు రూ.10,900 కోట్లు. అందులో లారీల వాటా రూ.500 కోట్లు. 2025 జులైలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక్కో లారీకి గరిష్ఠంగా రూ.9.6 లక్షల రాయితీ వస్తుంది. దాదాపు 5,600 లారీలకు సాయం అందించాలన్నది లక్ష్యం. దేశంలోని వాహనాల్లో డీజిల్ లారీలు 3 శాతమే అయినా రవాణా రంగం వెలువరించే హరితగృహ వాయువుల్లో 42 శాతం వాటివేనని కేంద్రమే చెప్పింది. కాబట్టి ఈ మార్పు అవసరమా అన్న చర్చకు తావులేదు. ఈ పత్రిక దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తోంది. అయితే రాయితీ కొనేవారికి, వారంటీ బండికి, పరీక్షలు తయారీదారుకు అని రాసుకున్న చోట స్టీరింగ్ పట్టే మనిషికి ఏం దక్కుతుందో కూడా రాసి ఉండవలసింది.

అడగకుండా చేస్తే ఏమవుతుందో 2024 జనవరి మొదటి వారంలో అందరం చూశాం. ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల వరకు జైలు అన్న కొత్త సెక్షన్ మీద డ్రైవర్లు బండ్లు ఆపేశారు. ఒక్క రోజులోనే హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు వాహనాల బారులు కిలోమీటర్ల మేర సాగాయి. చివరకు లారీ యజమానుల సంఘంతో మాట్లాడకుండా ఆ నిబంధనను అమలు చేయబోమని ప్రభుత్వం హామీ ఇవ్వవలసి వచ్చింది. ఆ మాటలేవో ముందే మాట్లాడి ఉంటే సరిపోయేది.

డ్రైవరు మొదటి భయం చార్జింగ్ దగ్గర పోయే సమయం గురించి. చాలామంది డ్రైవర్లకు జీతం నామమాత్రం, అసలు సంపాదన ట్రిప్పు మీద వచ్చేదే. బండి కదిలితేనే బత్తా. లోడింగ్ దగ్గర, అన్‌లోడింగ్ దగ్గర, చెక్‌పోస్టు దగ్గర పోయే గంటలకు ఇప్పటికే ఎవరూ పైసా ఇవ్వరు. ఇక చార్జింగ్ కోసం మరో గంటో రెండు గంటలో ఆగవలసి వస్తే ఆ నష్టం ఎవరిది? మామూలుగా జరిగేదే జరిగితే డ్రైవరుదే. పోయిన సమయాన్ని రాబట్టుకోవడానికి అతడు నిద్ర మానుకుని నడుపుతాడు. ఆ నిద్రమత్తు ఎవరి ప్రాణం తీస్తుందో చెప్పలేం. అందుకే చార్జింగ్ సమయాన్ని పనిగంటలుగా లెక్కగట్టి డబ్బు ఇవ్వాలన్న షరతును రాయితీ పత్రంలోనే చేర్చాలని మేము కోరుతున్నాం. చార్జింగ్ కేంద్రం అంటే ఎండలో నిలబెట్టిన ఒక పెట్టె, ఒక వైరు అనుకోకూడదు. అక్కడ నీడ, మంచినీళ్లు, స్నానానికి చోటు, కాసేపు నడుం వాల్చడానికి మంచం ఉంటే ఆ గంట డ్రైవరుకు శిక్షగా అనిపించదు. లారీ నడిపేవారికి ఈ దేశం ఎన్నడూ సరిగా ఇవ్వని విశ్రాంతి అది.

రెండో భయం ఒకటి రెండు లారీలున్న చిన్న యజమానిది. మన దగ్గర సరకు రవాణా ఎక్కువగా ఇలాంటివారి మీదే నడుస్తోంది. వీరిలో తన లారీని తానే నడుపుకునేవారు ఎందరో. ఎలక్ట్రిక్ లారీ ధర డీజిల్ లారీకి రెండు మూడు రెట్లు. పాత లారీని తుక్కుకు ఇచ్చినట్లు పత్రం చూపితేనే రాయితీ వస్తుంది. పెద్ద కంపెనీకి పాత బండి ఒక లెక్క, ఈ మనిషికి అది కూతురి పెళ్లి, కొడుకు చదువు. దానికి తోడు, పెద్ద లారీలో బ్యాటరీ బరువే రెండు టన్నులు దాటుతుంది. టన్నుకింత అని కిరాయి తీసుకునేవాడికి ఆ మేరకు ఆదాయం తగ్గుతుంది. యూరప్‌లో ఇలాంటి లారీలకు రెండు టన్నుల అదనపు బరువును అనుమతించారు. డీజిల్ ఖర్చు మిగులుతుందని చెప్పడం తేలికే. ఆ మిగులు చేతికి రాకముందే ఫైనాన్సు వాయిదా గుమ్మంలో నిలబడుతుంది.

అమెరికాలో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ ఓడరేవుల అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2008లో అక్కడ పాత లారీలను దశలవారీగా నిషేధించారు. గాలి నిజంగానే మెరుగుపడింది. అయితే కొత్త లారీల భారాన్ని చాలా కంపెనీలు డ్రైవర్ల నెత్తికెత్తాయి. బండిని వారికే లీజుకిచ్చి, వాయిదాను వారం వారం సంపాదనలోంచి కోసుకున్నాయి. వారమంతా నడిపినా చేతికి ఏమీ మిగలని డ్రైవర్లు ఉన్నారు. డ్రైవర్లను కంపెనీలు ఉద్యోగులుగా తీసుకోవాలని లాస్ ఏంజెలెస్ రేవు పెట్టిన షరతును 2011లో అప్పీలు కోర్టు కొట్టేసింది. స్వచ్ఛమైన గాలికి అయిన ఖర్చును అందరికంటే పేదవాడి చేత కట్టించారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక వీధి చివర నిలబడితే మూడో భయం కనబడుతుంది. ఒక షెడ్డులో ఇంజను విప్పి ఉంటుంది, పక్క షెడ్డులో పంపు మెకానిక్కు ఇంజెక్టర్లు సరిచేస్తుంటాడు, ఆ పక్కన గేరుబాక్సు, రేడియేటరు పనులు. బాడీ కట్టేవారికి, టైర్లు, కమాన్లు, బ్రేకులు చూసేవారికి ఎలక్ట్రిక్ లారీ వచ్చినా పని ఉంటుంది. నల్లటి నూనె చేతులతో చెవి పెట్టి విని ఇంజను జబ్బు చెప్పగల మనిషికి మాత్రం ఉండదు. హై ఓల్టేజి పని నేర్పే శిక్షణ ఆటోనగర్‌లోనే, వారి షెడ్ల మధ్యే పెట్టాలి. వారం రోజులు కూలి మానుకుని నేర్చుకునే స్తోమత వారికి లేదు కాబట్టి ఆ రోజుల భత్యమూ ఇవ్వాలి.

మన ఆర్టీసీలో ఈ గొడవ ఇప్పటికే మొదలైంది. 2025 జనవరిలో తెలంగాణ ఆర్టీసీ కార్మిక సంఘాలు ఇచ్చిన సమ్మె నోటీసులో ఎలక్ట్రిక్ బస్సుల విషయమూ ఉంది. అక్కడ కార్మికులు కోరింది బస్సులను సంస్థే కొనాలని, ప్రైవేటు వారి చేతుల్లో పెట్టవద్దని. కరెంటు బస్సు మీద వారికి ద్వేషం లేదు. దాని వెనకే తమ ఉద్యోగం పోతుందేమో అన్నదే బెంగ. లారీల విషయంలోనూ ఆ బెంగను పక్కన పెట్టి ముందుకు వెళ్లడం సాధ్యం కాదు.

మొదలుపెట్టడానికి మన దగ్గర అనువైన దారులున్నాయి. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు బూడిద లారీలు వెళ్తుంటాయి. దూరం తక్కువ, రోజూ అదే దారి, రెండు చివరలా చార్జింగ్ పెట్టే వీలు. విశాఖ రేవు నుంచి పరిసర గోదాములకు, కర్మాగారాలకు సాగే రవాణా కూడా అలాంటిదే. బొగ్గు ధూళితో విసిగిన ఆ నగరం దీన్ని సంతోషంగా స్వాగతిస్తుంది. ఈ రెండు చోట్లా టెండరు పిలవకముందే స్థానిక లారీ యజమానుల సంఘాలను, డ్రైవర్ల సంఘాలను, ఆటోనగర్ మెకానిక్కులను ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ ఒకచోట కూర్చోబెట్టాలి. నాలుగు బండ్లు తెప్పించి నెల రోజులు డ్రైవర్ల చేతికే ఇవ్వాలి. నిండు లోడుతో, మే ఎండలో, వారి పాత దారిలోనే నడపనివ్వాలి. నెలాఖరున ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో, ఎన్ని గంటలు ఆగారో, చేతికి ఎంత మిగిలిందో వారి నోటనే విని, ఆ లెక్కలతో టెండరు షరతులు రాయాలి.