ఘాటీ దిగే బండికి తాడెక్కడ కట్టాలి?

పోయిన శీతాకాలం ఒడిశా కొండల మీద మా సెమిలిగుడ బస్టాండు దగ్గర ఒక కంపెనీ వాళ్లు ఎలక్ట్రిక్ పికప్‌ను డెమోకి తెచ్చి నిలబెట్టారు. ఆకుపచ్చ నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలు, తళతళలాడే తెల్ల రంగు. చుట్టూ మూగిన జనమంతా ముందు క్యాబిన్‌లోకి తొంగిచూసి, స్టీరింగు పక్కనున్న తెరను వేలితో నొక్కి చూస్తున్నారు. మా కూరగాయల లోడు తోలే సాలూరు డ్రైవరు మాత్రం ముందుకే పోలేదు. వెనక్కెళ్లి, తొట్టి అంచు కింద వేళ్లతో తడుముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. "ఏటి గురూ, కొక్కేలు నాలుగే ఉన్నాయి. తాడెక్కడ కడతారు?" అని అడిగాడు. కంపెనీ కుర్రాడు చేతిలోని ట్యాబ్ చూసుకుని, "దీని మీద డబ్బా బాడీ కట్టించుకోవాలి సార్, అప్పుడు తాడు అవసరం ఉండదు" అన్నాడు.

ఆ డబ్బా బాడీ అన్న మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది. డబ్బా బాడీ ఎవరికి కావాలి? గోడౌన్ నుంచి అపార్టుమెంటుకు పార్సిళ్లు చేరవేసేవాడికి కావాలి. కుందులి సంతలో కావళ్ల మీద దిగిన క్యాబేజీని, అల్లం బస్తాలను, టమాటా ట్రేలను చీకటి ఉండగానే మూడు పక్కల నుంచి ఎక్కించి, తెల్లారేసరికి ఘాటీ దించి ఆంధ్ర వైపు సాలూరు చేర్చాల్సినవాడికి డబ్బా ఎందుకు? గాలి ఆడక కొత్తిమీర దారిలోనే వడిలిపోతుంది.

ఎలక్ట్రిక్ పికప్ డిజైన్ గురించి ప్రపంచంలో ఇన్నేళ్లుగా జరుగుతున్న గొడవంతా దాదాపు ఒక్క బండి చుట్టూనే తిరిగింది. టెస్లా సైబర్‌ట్రక్‌ను 2019 నవంబరులో చూపించారు. పగలదన్న అద్దం మీద వేదికపైనే ఇనుప గుండు విసిరితే పగిలింది. 39,900 డాలర్లకు ఇస్తామన్నారు. 2023 నవంబరులో మొదటి బండ్లు చేతికొచ్చేసరికి ఆ ధర మాటే లేదు. 2025 మార్చిలో, జిగురుతో అతికించిన స్టీలు పట్టీ ఊడిపోవచ్చని 46 వేలకు పైగా బండ్లను వెనక్కి పిలిచారు. ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. అది రేకుల పెట్టెలా ఉందని ఎగతాళి చేసేవాళ్లతో మాత్రం నేను కలవను. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు ఆ బుల్లి బండిని చూసి నవ్వనివాళ్లెవరు? తర్వాత అదే ఛోటా హాథీ అయి ఊరూరా తిరిగింది. పనికొచ్చే బండికి అందం దానంతటదే వస్తుంది.

సైబర్‌ట్రక్‌తో నా పేచీ దాని తొట్టితో. క్యాబిన్ నుంచి వెనక్కి ఏటవాలుగా దిగే పక్క గోడల వల్ల పక్క నుంచి చెయ్యి పెట్టి బస్తా అందుకోవడం కష్టం. ఎక్కించినా దించినా వెనక డోరు నుంచే. దాదాపు మూడు టన్నుల బండి మోసేది టన్నుంపావు లోపే. మన కళాసీలు ఒక్కసారి చూస్తే చాలు, కిరాయి రెట్టింపు అడుగుతారు. దానికి పూర్తిగా ఎదురు దారిలో 2025 ఏప్రిల్‌లో అమెరికాలోనే స్లేట్ అనే కంపెనీ ఇంకో పికప్ చూపించింది. రంగు వెయ్యరు, రేడియో పెట్టరు, అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. ఆ పొదుపు నాకు నచ్చింది. కానీ అదీ ఆరున్నర క్వింటాళ్లు దాటి మొయ్యదు. అక్కడ పికప్ అంటే ఇంటి బండి, వెనక కాస్త సామాను చోటున్న కారు. ఇక్కడ అది కుటుంబాన్ని పోషించే ఎద్దు. పేరు ఒకటే కదా అని రెండింటినీ ఒకే కొలతతో కొలిస్తే ఎలా?

ఇంతకీ మా వైపు టీ కొట్ల దగ్గర ఎలక్ట్రిక్ బండి మాటొస్తే అందరూ అడిగేది ఒక్కటే: "ఘాటీ ఎక్కుతుందా?" నా మటుకు నాకు ఇది తప్పు ప్రశ్న. ఎక్కుతుంది. మోటారుకు కదిలిన క్షణం నుంచే పూర్తి లాగుడు ఉంటుంది, క్లచ్ లేదు, గేరు మార్చాల్సిన పని లేదు. ఘాటీలో సుంకి దగ్గర మలుపుల్లో ముందు లారీ ఆగితే వెనక పికప్ హాఫ్ క్లచ్ మీద నిలబడి, ప్లేటు కాలిన వాసన క్యాబిన్‌లోకి రావడం ఆ దారిలో తిరిగేవాళ్లకు బాగా తెలుసు. ఆ వాసన ఇందులో ఉండదు.

అసలు అడగాల్సింది దిగడం గురించి. సెమిలిగుడ పీఠభూమికీ సాలూరుకీ ఎత్తులో తేడా సుమారు 750 మీటర్లు. ఇక్కడి వ్యాపారంలో బరువు పైనుంచి కిందికి దిగుతుంది. పైకి పోయేటప్పుడు ఉల్లిపాయలో, ఎండు చేపలో, కొట్టు సామానో కొంచెం ఉంటే ఉంటుంది, లేకపోతే ఖాళీ. ఏడున్నర క్వింటాళ్ల లోడుతో 1,850 కిలోలు తూగే బండి ఆ ఎత్తు దిగితే లెక్కప్రకారం 3.8 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. అదే బండి 1,100 కిలోల ఖాళీ బరువుతో ఎక్కితే ఎత్తు కోసం పెట్టాల్సింది రెండుంబావు యూనిట్లు. డీజిల్ బండిలో దిగేటప్పటి శక్తిలో చేతికి మిగిలేదేమీ ఉండదు, బ్రేకు డ్రమ్ములు వేడెక్కుతాయంతే. ఎలక్ట్రిక్ బండిలో మోటారే డైనమో అయి బ్యాటరీని నింపుతుంది. అంతా చేతికి రాదనుకోండి. టైర్ల రాపిడి, గాలి, మోటారు నష్టాలు పోగా ఒక యూనిట్ మిగిలితే గొప్ప. కానీ ఘాటీ దిగడం ఉచితం, పైగా బ్రేకులు చల్లగా ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో ఒక సిమెంటు క్వారీలో 65 టన్నుల రాయితో కిందికి దిగి, ఖాళీగా పైకెక్కే ఎలక్ట్రిక్ డంపర్ ఈ సూత్రం మీదే నడుస్తోంది.

మన ప్రాంతానికి ఇదేమీ వింత కాదు. 1955 నుంచి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో జరుగుతున్నది ఇదే కదా. పీఠభూమి మీది నీళ్లు కిందికి దూకితే కరెంటు పుడుతుంది, ఆంధ్ర, ఒడిశా పంచుకుంటాయి. నీళ్లు దిగితే పుట్టే కరెంటు క్యాబేజీ దిగితే పుట్టదా?

ఇందులో ఒక మెలిక ఉంది. ఏ కంపెనీ కుర్రాడూ డెమోలో చెప్పగా నేను వినలేదు. రాత్రంతా చార్జింగు పెట్టి, నూటికి నూరు నింపుకుని పైనుంచి బయల్దేరితే బ్యాటరీలో చోటుండదు. దిగుతుంటే పుట్టే కరెంటు ఎక్కడికి పోవాలి? అప్పుడు భారమంతా మామూలు బ్రేకుల మీదే పడుతుంది. మోటారు పట్టు అలవాటైన డ్రైవరుకు మొదటి మలుపులోనే గుండె జారుతుంది. పొట్టంగి వైపు జనవరి తెల్లవారుజామున చలికి బిగుసుకున్న బ్యాటరీ కూడా చార్జింగును సరిగ్గా తీసుకోదు. కాబట్టి పైనున్నవాడు ఎనభై, ఎనభై అయిదు దగ్గర ఆపుకుని బయల్దేరాలి. మైదానంలో తిరిగే వాళ్లకు చెప్పే "ఫుల్ చేసుకుని పో" సలహా ఇక్కడ పనికిరాదు.

బండి నడక మా దారికి సరిపోయినట్టే. సరిపోనిది తొట్టి, దాని మీద రాసిన బరువు. ఉదాహరణకు 2025 జూన్‌లో వచ్చిన టాటా ఏస్ ప్రో ఎలక్ట్రిక్ తీసుకోండి. మోసే బరువు 750 కిలోలు, బ్యాటరీ 14.4 యూనిట్లు, పరీక్షల్లో తేలిన దూరం 155 కిలోమీటర్లు. 50 కిలోల బస్తాలైతే పదిహేను. మహీంద్రా వాళ్ల ఎలక్ట్రిక్ బండి జియో (ZEO) కూడా అటూఇటుగా అంతే. మా దారిలో రాజ్యమేలేది 1.7 టన్నులు మోసే బొలెరో పికప్. కాగితం మీద ముప్పై నాలుగు బస్తాలు, సంతలో నలభై అయిదు. ఇది తప్పే, కాదనను. కానీ ఇక్కడి కిరాయిలన్నీ ఆ తప్పు మీదే నిలబడ్డాయి. ఎలక్ట్రిక్ బండిలో ఓవర్‌లోడు వేస్తే కమాన్ కట్టలకంటే ముందు ఒక చార్జింగుకు వచ్చే కిలోమీటర్లు పోతాయి. బండి ఎక్కడ తిరిగిందో, ఎలా తిరిగిందో కంపెనీ సర్వరుకు చేరుతూనే ఉంటుంది కాబట్టి రేపు వారంటీ అడిగేటప్పుడు బుకాయించడమూ కుదరదు. టన్ను, టన్నుంపావు మోస్తామనే ఎలక్ట్రిక్ బండ్లు కూడా వచ్చాయి. మాకు లెక్క మొదలవ్వాల్సింది అక్కడి నుంచే.

డబ్బుల సంగతికొస్తే, ఏస్ ప్రో పెట్రోలుది 3.99 లక్షలకు, ఎలక్ట్రిక్‌ది 6.50 లక్షలకు మార్కెట్లోకి వచ్చాయి. రెండున్నర లక్షల తేడా. పెట్రోలుకు కిలోమీటరుకు ఏడు రూపాయలు, ఇంటి కరెంటుకు రూపాయిన్నర అనుకుంటే 45 వేల కిలోమీటర్లు తిరిగితే తేడా చెల్లిపోతుంది. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే పట్నం బండికి అది ఏడాదిన్నర మాట. మా బండ్లు రోజూ తిరగవు. సంత ఉన్న రోజే పని, పంట ఉన్న నెలల్లోనే సంతకు నిండుదనం. అదే తేడా ఇక్కడ మూడేళ్లకు గాని చెల్లదు. కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది, సంత ఉందా లేదా అని అడగదు.

పోనీ, ప్రభుత్వం ఏమైనా ఆసరా ఇస్తోందా? ఎలక్ట్రిక్ బండ్ల కోసం కేంద్రం పెట్టిన 10,900 కోట్ల పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ట్రక్కులకిచ్చే ప్రోత్సాహం, బండీ లోడూ కలిపి 3.5 టన్నులకు పైబడిన వాటికే. చిన్న పికప్‌కు అందులో చోటు లేదు. సరిహద్దులో బతికేవాళ్లకు పనికొచ్చే నిర్ణయం ఒకటి మాత్రం ఎప్పుడో జరిగింది. 2018 అక్టోబరు నుంచి బ్యాటరీ రవాణా బండ్లకు పర్మిట్ అక్కర్లేదు. చెక్‌పోస్టు దగ్గర కాగితాలు చూపిస్తూ ఒడియాలో సగం, తెలుగులో సగం బతిమాలుకునే డ్రైవరుకు దాని విలువ తెలుసు.

చార్జింగు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అంత ఉంటే కదా. సెమిలిగుడ నుంచి విజయనగరం రైతుబజారుకు ఒకవైపే వంద దాటుతుంది, తిరుగు ప్రయాణంలో ఘాటీ ఎక్కాలి. మధ్యలో కనీసం ఒకచోట నింపుకోవాల్సిందే. మా బంధువుల ఎలక్ట్రిక్ కారులో వస్తూ ఒక బంకులో చార్జరు కోసం ఆగితే, దాని మీద టార్పాలిన్ కప్పి పైన ఇటుక పెట్టి ఉంది. ఏ బంకో చెప్పను, అందరిదీ అదే కథ. విమానాల ఇంజిన్లు తయారుచేసే సునాబెడ పక్కనే ఉండి, ఈ బండ్లు విప్పి చూడగల మెకానిక్కు కోసం కొండ దిగాల్సి రావడం ఇంకో విడ్డూరం.

ఇంత చెప్పాక కూడా నేను ఈ బండి వద్దనే పక్షం కాదు. మూడు పక్కలా తెరుచుకునే డోర్లు, కావడి దించినవాడి నడుం ఎత్తుకు మించని తొట్టి, జానెడుకొక కొక్కెం పెట్టి, టన్నున్నర నిజాయితీగా మోసే బండి ఎవరైనా చేస్తే నేనే హామీ సంతకం పెట్టి మా డ్రైవరు చేత కొనిపిస్తాను. సైబర్‌ట్రక్ నుంచి ఒక్కటి అరువు తెచ్చుకోవచ్చు. దాని తొట్టిలో కరెంటు ప్లగ్గు ఉంటుంది. కుందులిలో తెల్లవారకముందు సెల్‌ఫోన్ లైటు నోట కరుచుకుని కాటా చూసే వ్యాపారికి, బండికే ఒక బల్బు, ఎలక్ట్రానిక్ కాటాకు ఒక ప్లగ్గు ఉంటే ఎంత సుఖం! తూకంలో మోసం జరుగుతోందనుకునే రైతుకు ఇంకా సుఖం.

ఆ రోజు మా డ్రైవరు చివరికి ఒక్కటే అడిగాడు. "పదిహేను బస్తాల అల్లం నేనే తెస్తాను. ఎక్కించి సాలూరు దాకా దించి, మళ్లీ పైకి తెచ్చి చూపించండి. అప్పుడు మాట్లాడుకుందాం." కంపెనీ కుర్రాడు ఎవరికో ఫోన్ చేశాడు. పక్కకెళ్లి చాలాసేపు మాట్లాడి వచ్చి, డెమో బండికి లోడు వేసే అనుమతి లేదని, కావాలంటే సునాబెడ గేటు దాకా ఖాళీగా ఒక రౌండు వెయ్యొచ్చని చెప్పాడు. ఆ రౌండుకు టీ కొట్టు దగ్గరున్న కుర్రాళ్లు ఆరుగురు ఎగబడి తొట్టిలోకి ఎక్కారు. మా వాడు తన బొలెరో తాళ్లు సరిచూసుకోవడానికి వెళ్లిపోయాడు.