బోర్లాండ్‌ను ముంచింది హైల్స్‌బర్గ్ కాదు

"ఒక్క ఇంజనీరు జీతానికి ఆశపడి మైక్రోసాఫ్ట్‌కు పోతే, టర్బో సి తెచ్చిన బోర్లాండ్ కుప్పకూలింది. ఉద్యోగం ఇచ్చిన కంపెనీని వదలకండి" అని ఒక మెసేజ్. బోర్లాండ్ అంటే ప్రోగ్రామర్లకు టూల్స్ అమ్మిన అమెరికా కంపెనీ, టర్బో సి వాటిలో ఒకటి. ఈ వారంలో నలుగురు పంపారు. ఇద్దరు నాతోపాటు కాలేజీ ల్యాబ్‌లో ఆ నీలం స్క్రీన్ ముందు కూర్చుని కంట్రోల్ ఎఫ్9 నొక్కినవాళ్లే. పంపేముందు సంవత్సరాలైనా చూసుకోవద్దా?

అదే మెసేజ్‌లోని చిన్న తప్పులు ముందు. బోర్లాండ్ ప్రోగ్రామింగ్ టూల్ టర్బో పాస్కల్‌ను ఊరికే పంచలేదు, 1983లో 49.95 డాలర్లకు అమ్మారు. లోటస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వేసిన కాపీరైట్ కేసులో బోర్లాండ్ ఓడిపోలేదు, గెలిచింది. చివర్లో బోర్లాండ్‌ను కొన్నది మైక్రోసాఫ్ట్ కాదు, 2009లో మైక్రో ఫోకస్.

ఇక ఆ నింద. మెసేజ్ చెప్పే ఆ ఇంజనీరు, ఆండర్స్ హైల్స్‌బర్గ్, మైక్రోసాఫ్ట్‌కు వెళ్లింది 1996లో. డీబేస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కోసం యాష్టన్-టేట్ కంపెనీని బోర్లాండ్ దాదాపు 44 కోట్ల డాలర్ల విలువకు కొన్నది 1991లో. అప్పటికే పారడాక్స్ అనే సొంత డేటాబేస్ చేతిలో ఉంది! రెండింటినీ మోస్తూ విండోస్‌కు డీబేస్ తెచ్చేసరికి 1994 వచ్చింది. పోటీగా మైక్రోసాఫ్ట్ డేటాబేస్ యాక్సెస్ 1992లోనే మార్కెట్లో ఉంది. బోర్లాండ్ స్ప్రెడ్‌షీట్ క్వాట్రో ప్రోను నొవెల్ అనే కంపెనీకి అమ్మేశారు. 1995 జనవరిలో ఫిలిప్ కాన్ బోర్లాండ్ సీఈఓ పదవి వదిలారు. ఇదంతా జరిగినప్పుడు హైల్స్‌బర్గ్ బోర్లాండ్‌లోనే ఉన్నాడు, చివరికి విండోస్ ప్రోగ్రాములు రాసే డెల్ఫీ అనే టూల్ పనిలో. 1995లో అది బయటికొచ్చింది. ఫారం మీద బటన్ పెట్టి డబుల్ క్లిక్ చేస్తే చాలు, కోడ్ రాయాల్సిన చోట కర్సర్ నిలబడేది. మునుగుతున్న కంపెనీకి ఆయన ఇచ్చింది అది. ఆయన్ని ద్రోహి అనడానికి మీకు నోరెలా వచ్చింది?

మైక్రోసాఫ్ట్ మనుషుల్ని లాక్కుపోయిందన్న మాట మాత్రం నేనూ ఒప్పుకుంటాను. 30 నెలల్లో 34 మందిని తీసుకుపోయిందని 1997లో బోర్లాండే కేసు వేసింది. ఆ దెబ్బ చిన్నది కాదు. కానీ మరుసటి ఏడాది ప్రోగ్రామర్లు ప్రాణంలా చూసుకున్న పేరు తీసేసి ఇన్‌ప్రైజ్ అని పెట్టుకున్నది ఎవరు? పెద్ద కంపెనీల కాంట్రాక్టుల వెంటపడి, 49.95 డాలర్లు పెట్టి కొన్నవాళ్లను పక్కన పెట్టింది ఎవరు?

మా చెల్లెలి కొడుక్కి మొన్న మంచి ఆఫర్ వచ్చింది. ఈ మెసేజ్ చదివి, తప్పు చేస్తున్నానేమోనని రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్రపోలేదు. యాజమాన్యం లెక్క తప్పితే కోడ్ రాసినవాడు ఎందుకు సంజాయిషీ చెప్పుకోవాలి? వాడికి ఈ సంవత్సరాలన్నీ కాగితం మీద రాసి చూపించాను. డెల్ఫీని 2008లో ఎంబార్కడెరో అనే కంపెనీ కొన్నదనీ, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయనీ కింద రాశాను.