కంటి పరీక్ష పాసైతే మెదడు బాగున్నట్టేనా?

2019 ఆగస్టు, లార్డ్స్ టెస్టు. జోఫ్రా ఆర్చర్ బౌన్సర్ మెడకు తగిలి స్టీవ్ స్మిత్ పిచ్ మీదే కూలిపోయాడు. అప్పటికి అతని స్కోరు 80. బయటికి తీసుకెళ్లి కంకషన్ (దెబ్బకు మెదడు అదిరి, దాని పనితీరు కొంతకాలం చెడడం) పరీక్షలు చేశారు, పాసయ్యాడు. గంట తిరక్కుండానే మళ్లీ బ్యాటు పట్టుకొచ్చి 92 దగ్గర అవుటయ్యాడు. మర్నాడు పొద్దున లేచేసరికి తలనొప్పి, మత్తు. మళ్లీ పరీక్షిస్తే ఫలితం మారిపోయింది. అతని బదులు లబుషేన్ దిగాడు. టెస్టు క్రికెట్‌లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అతనే.

ఆ డాక్టర్లను తప్పుపట్టడానికి ఈ సంగతి ఎత్తలేదు. కంకషన్ తీరే అంత. లక్షణాలు ఒక్కోసారి గంటల తర్వాత గానీ బయటపడవు. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని పట్టిస్తుంది. కంకషన్‌లో చెడేది ప్రధానంగా నరకణాల పనితీరు కాబట్టి స్కాన్ సాధారణంగా శుభ్రంగానే వస్తుంది. స్పృహ ఎంత ఉందో కొలవడానికి 1974లో టీస్‌డేల్, జెనెట్ తయారుచేసిన గ్లాస్గో కోమా స్కేలులో 15కి 15 వచ్చినా కంకషన్ ఉండొచ్చు. ఇక మిగిలింది ‘ఎలా ఉంది?’ అని అడగడమే. ఎలాగైనా ఆడాలని ఉన్నవాడు ‘బాగానే ఉంది’ అనక ఏమంటాడు?

అందుకే అందరి చూపూ కళ్ల మీద పడింది. తలకు దెబ్బ గట్టిగా తగిలితే మనం కూడా ‘కళ్లు బైర్లు కమ్మాయి’ అనే అంటాం కదా.

దీనికి గట్టి కారణమే ఉంది. ఒక్కో కనుగుడ్డును తిప్పడానికి ఆరు కండరాలున్నాయి. మెదడు నుంచి నేరుగా బయల్దేరే 12 జతల నరాల్లో మూడు జతలు ఈ కండరాలను నడుపుతాయి. వాటికి ఆజ్ఞలు ఒక్కచోటు నుంచి రావు. నుదుటి వెనకున్న భాగం, నడినెత్తి కింది భాగం, చిన్నమెదడు, మెదడు కాండం అన్నీ ఇందులో చేయి వేస్తాయి. ఇన్నిచోట్ల తిరిగే దారిలో ఎక్కడ గతుకు పడినా చూపులో తేడా తెలిసే అవకాశం ఉంది.

పెన్ను మొనను చేతి దూరం నుంచి మెల్లగా ముక్కు దగ్గరికి తెస్తే, ఒకచోట అది రెండుగా కనిపిస్తుంది. మామూలుగా ఇది ముక్కుకు 5 సెంటీమీటర్లకు మించని దూరంలో జరుగుతుంది. కంకషన్ అయినవాళ్లలో చాలామందికి మొన ఇంకా దూరంగా ఉండగానే రెండైపోతుంది. ఇప్పుడు వేలిని ఎడమ నుంచి కుడికి జరపండి. బాగున్న చూపు వేలి వెంటే జారుతుంది. దెబ్బతిన్న చూపు కాస్త వెనకబడి, ఠక్కున గెంతి వేలిని అందుకుంటుంది, మళ్లీ వెనకబడుతుంది. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ బృందం 2014లో ప్రకటించిన వోమ్స్ పరీక్షలో ఇలాంటివే ఉంటాయి. ఒక్కోటి అయ్యాక తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, బుర్ర మొద్దుబారడం ఎంత ఉన్నాయో 0 నుంచి 10 వరకు చెప్పాలి. తిరిగి తిరిగి మళ్లీ అడగడం దగ్గరికే వచ్చాం చూడండి!

అడగక్కర్లేని యంత్రాలూ వచ్చాయి. ఐబాక్స్ అనే పరికరానికి, మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. తెర అంచుల వెంట తిరిగే వీడియోను నాలుగు నిమిషాల లోపు చూస్తే చాలు, చూపు ఎలా కదిలిందో కెమెరా కొలుస్తుంది. అయితే ఆ అనుమతి రోగ నిర్ధారణలో సాయంగా వాడుకోవడానికే. డాక్టరు చేసే పరీక్ష ఎలాగూ ఉండాలి. అమ్మేవాళ్ల మాటల్లో ఈ ముక్క ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

‘కన్ను అబద్ధం చెప్పదు’ అన్నది వినడానికి బాగుంటుంది. కానీ రాత్రి నిద్ర లేకపోయినా, మందు తాగినా చూపు తడబడుతుంది. కొన్ని ఫిట్స్ మందులు కళ్లను అదిరేలా చేస్తాయి. మెల్లకన్ను ఉన్నవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. పోనీ, ఎవరి ఫలితాన్ని వాళ్ల పాత ఫలితంతోనే పోల్చుదామా? కింగ్-డెవిక్ పరీక్ష అలాంటిదే. 1976లో వచ్చిన ఈ పరీక్షలో కార్డుల మీద ఎగుడుదిగుడు ఎడంతో ఉన్న అంకెలను గబగబా చదవాలి. దెబ్బ తగిలాక, సీజన్ మొదట్లో చదివినప్పటి కన్నా ఎక్కువ సమయం పడితే అనుమానించాలి. కానీ రెండోసారి చదివితే ఎవరైనా అలవాటు కొద్దీ కాస్త వేగంగానే చదువుతారు. అది చాలదన్నట్టు, మొదటిసారి కావాలనే నెమ్మదిగా చదివితే, దెబ్బ తిన్న రోజు వచ్చిన ఫలితం మామూలుగానే కనిపిస్తుంది.

నా లెక్కలో ఈ పరీక్షల ఫలితాన్ని ఒకవైపే నమ్మాలి. చూపు తేడాగా ఉంటే ఆటగాడు ఆ రోజుకు బయటే, ఇంక వాదన అనవసరం. చూపు బాగుందంటే మాత్రం ఆడించడానికి అనుమతి దొరికినట్టు కాదు. అనుమానం అనుమానంగానే ఉండాలి. కోచ్ చేతిలో పచ్చలైటు చూపించే పెట్టె పెడితే, అది మెదడును కాపాడటానికి బదులు ఆటగాణ్ని త్వరగా లోపలికి పంపడానికే పనికొస్తుంది. ఆ పెట్టెను కొనేదీ దాని మాట వినేదీ గెలవాలనుకునే జట్టే అయినప్పుడు ఇంకోలా జరుగుతుందని ఎలా అనుకుంటాం?

పెద్ద గాయం తగిలి కోమాలోకి వెళ్లి, కళ్లు తెరిచినా స్పృహ ఉందో లేదో తెలియని రోగుల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ కూడా మొదట చూసేది చూపునే. బెల్జియంలోని లియేజ్ పరిశోధకులు 2008లో ఒక విషయం చూపించారు. మామూలు వస్తువును తిప్పితే కదలని చూపు, అద్దం పెట్టి తిప్పితే కొందరిలో కదిలింది. అద్దంలో కనిపించేది తన ముఖమే కదా. చూపు అద్దం వెంట వచ్చిందంటే లోపల కాస్తయినా స్పృహ మిగిలి ఉందనడానికి అది బలమైన గుర్తు. రాలేదంటే మాత్రం లేదని తేల్చకూడదు. చూపే పోయి ఉండొచ్చు, కళ్లు తిప్పే నరం దెబ్బతిని ఉండొచ్చు, ఆ నిమిషాన మగతలో ఉండొచ్చు. అందుకని పొద్దున స్పందన లేకపోతే సాయంత్రం, సాయంత్రమూ లేకపోతే మర్నాడు మళ్లీ అద్దం పట్టి చూడాలి.